రూతమ్మగారి గురువారాలు

1960 అక్టోబరు 19, బుధవారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలకు రూతమ్మగారి ఇంటి కప్పు మా బడి కిటికీ ముందుగా సముద్రం వైపు ఎగిరిపోయింది. సమయం ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, గాలివాన వల్ల పిల్లలు ఆలస్యంగా వస్తుంటే హాజరు పట్టీ అప్పుడే ముగించి, కింద సమయం రాస్తున్నాను. మూడో తరగతిలో ఇరవై తొమ్మిది మందికి పదకొండుమంది వచ్చారు. తలెత్తేసరికి కిటికీలో ఆకాశం లేదు, తాటాకులు ఉన్నాయి. మళ్ళీ ఆకాశం వచ్చింది. పక్క గదిలో ఒకటో తరగతికి గుణింతం చెబుతున్న రూతమ్మగారు కూడా చూసింది. ఆమె గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. "ఆ పొయ్యేది మా ఇంటి కప్పు. ఊఁ, మీరు చెప్పండి, క కొమ్ము కు."

ఈ సంగతి ఇప్పుడు గుర్తు రావడానికి కారణం, ఇందాక మా వీధిలోకి తోపుడుబండి మీద వచ్చిన పచ్చి వేరుశనక్కాయలు. తడి ఇసక ఇంకా అంటుకుని ఉన్న కాయలు. రెండు కిలోలు తీసుకుని, గిన్నెలో పోసి కడుగుతుంటే ఆ మట్టివాసన నన్ను అరవై ఏళ్ళకు పైగా వెనక్కి తీసుకుపోయి ఆ ఇసకనేల మీద కూర్చోబెట్టింది. నాతో ఉంటున్న మా మేనకోడలు, తినేది ఇద్దరమే గదా, ఇన్ని కాయలెందుకత్తా అని అడిగింది. శనివారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చినప్పటినుంచి అది నాతో చాలా మెల్లగా మాట్లాడుతోంది. గురువారానికి, అన్నాను. దానికి అర్థం కాలేదు. దాని కోసమూ, రూతమ్మగారిని ఎన్నడూ చూడని మీ కోసమూ ఇది రాస్తున్నాను.

కప్పు ఎగిరిన రోజుకు నాకు పందొమ్మిదేళ్ళ ఏడు నెలలు. ట్రైనింగు ముగించుకుని మొదటి ఉద్యోగానికి వచ్చి నాలుగు నెలలయింది. నెల్లూరు జిల్లా బోగోలుకు తూర్పున, సముద్రానికి రెండు ఫర్లాంగుల దూరంలో ఉన్న ఊరు అది. క్రైస్తవుల ఇళ్ళు ముప్పై నాలుగు, ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాలెంలో ఇళ్ళు అరవై పైన. ప్రార్థన మందిరానికి ఆనుకుని రెండు గదుల బడి. అద్దెకు ఇచ్చే ఇల్లు లేక నన్ను రూతమ్మగారి ఇంట్లో పెట్టారు. ఆమెకు అప్పుడు యాభై నాలుగేళ్ళు. భర్త ఉప్పుకొఠార్లలో పనిచేస్తూ పాము కరిచి పోయాడు, పిల్లలు లేరు. పొద్దున ఒకటో తరగతి చెప్పి, సాయంత్రం ఇళ్ళకు తిరిగి వాక్యం చెప్పేది. పొట్టి మనిషి. గొంతు మాత్రం మనిషికి మూడింతలు.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా అమ్మ 1958 జూన్ 12, గురువారం, తెల్లవారి ఐదుంబావుకు చనిపోయింది. నాన్న 'దేవుని చిత్తం' అని, ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎత్తనివ్వలేదు. వచ్చిన బంధువులందరూ విశ్వాసులకు ఏడుపు తగదని నాకు బోధించారు. వాళ్ళు చెప్పినట్టే ఏడవలేదు. కాని స్తోత్రం చెప్పడం కూడా మానేశాను. ఆదివారాల్లో పెదవులు కదిపేదాన్ని, శబ్దం వచ్చేది కాదు. అలాంటిదాన్ని తీసుకొచ్చి, పొద్దున లేస్తే పాట, నీళ్ళు తోడితే పాట, పొయ్యి రాజకపోతే ఇంకా పెద్ద పాట పాడే మనిషి ఇంట్లో పెట్టారు. నాకు లెక్కలు వచ్చు గనుక లెక్కగానే ఆలోచించాను. ఈమె సంతోషం నిజమైతే, నా రెండేళ్ళ మౌనం తప్పు. నాటకమైతే, నేను ఒప్పు. నాటకమే అయి ఉండాలని కోరుకున్నాను. ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది, అక్కడ పట్టుకోవాలని కాచుకుని కూర్చున్నాను.

కప్పు పోయిన సాయంత్రం, బడి గదిలో చాపలు పరుచుకుని తడిసిన సామాను సర్దుతుంటే రూతమ్మగారు, కృతజ్ఞత కూటం పెట్టాల అంది. మా సంఘాల్లో కృతజ్ఞత కూటమంటే, బిడ్డ పుడితేనో జ్వరం తగ్గితేనో పరీక్ష పాసైతేనో నలుగురిని ఇంటికి పిలిచి, పాట పాడి, ప్రార్థన చేసి, ఉడకబెట్టిన కాయలో బిస్కెట్లో పెట్టి పంపడం. దేనికి కూటమని అడిగాను.

"కప్పు పొయింది గదా."

"పోయినందుకా?"

"ఉన్నప్పుడు పెట్టలేదు గదమ్మా. ఇప్పుడన్నా పెట్టాల."

రేపే గురువారం, కూటాల రోజే కదా, రేపే పెట్టండి అన్నాను, వెటకారంగానే. ఆమె ఆలోచించింది. "రేపు తీరదు. పనుండాది. వచ్చే గురువారం పెడదాం." ఏం పని అని అడగలేదు. కాని ఎనిమిది రోజుల ఆలస్యాన్ని మనసులో రాసిపెట్టుకున్నాను.

అక్టోబరు 27, గురువారం, సాయంత్రం నాలుగు గంటలకు కప్పులేని ఇంట్లో కూటం జరిగింది. వచ్చినవాళ్ళు నలభై ఒక్కరు. సన్నగా జల్లు పడుతోంది. పక్క ఊరినుంచి సైకిలు మీద వచ్చే మా సంఘ కాపరి అయ్యగారు కొత్తవారు, వయసు ముప్పై లోపే, నవ్వడం ఇంకా నేర్చుకోలేదు. గొడుగు వేసుకుని ప్రార్థన చేయడం మర్యాదో కాదో తేల్చుకోలేక, గొడుగు తెరిచి పక్కన ఉన్న ముసలామెకు పట్టి, తాను తడిశారు. రూతమ్మగారు ఒక నోటుపుస్తకం నా చేతిలో పెట్టి, నీ చేతిరాత బాగుండాది, పొయింది ఎడమ పక్క రాయి, మిగిలింది కుడి పక్క రాయి అంది. ఎడమ పక్క 'కప్పు, ఒకటి' అని రాశాను. కుడి పక్క ఆమె చెబుతూ పోయింది. గోడలు నాలుగు. పొయ్యి ఒకటి. తలుపు ఒకటి, గడియ కూడా పడుతుంది. అన్నిటికీ స్తోత్రం.

గుమ్మంలో ఒక నల్లటి పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. పాలెం పెద్ద, పోలయ్య. వాళ్ళు మా మందిరానికి వచ్చేవాళ్ళు కారు, అతను గంగమ్మకు మొక్కే మనిషి. అతనికి అనుమానం వచ్చింది. "కప్పు లేని ఇంటికి గడియ ఎందుకు రూతక్కా?"

"తలుపు తట్టి వచ్చేవాళ్ళ మర్యాద కోసం. రా, కూచో. ఎలకలు గూడా కప్పుతోనే పొయినాయి, దానికీ స్తోత్రం."

"అవి మా దిబ్బకు చేరినాయి" అన్నాడు పోలయ్య.

అతను వచ్చిన పని అదే. కప్పు నేరుగా పోయి పాలెం దిబ్బ మీద, అతను ఎండబెట్టి కుప్పపోసిన చేపల మీద బోర్లా పడిందట. వాన మొత్తం అయ్యాక ఎత్తి చూస్తే, పాలెం అంతా చేపలు తడిసి కుళ్ళినా అతని కుప్ప ఒక్కటి పొడిగా ఉందట. బుట్టెడు ఎండుచేపలు రూతమ్మగారి ముందు పెట్టి, అందరూ వింటుండగా, మా గంగమ్మకు మేము చేప పడితేనే మొక్కుతాం, నీకు ఏది పోయినా మొక్కేస్తున్నావు, నీ దేవుడికి నీతో సుఖం అన్నాడు. అయ్యగారికి దీన్ని సాక్ష్యం కింద లెక్కవేయాలో వద్దో తెలియలేదు. నేను కుడి పక్క 'ఎండుచేపలు, బుట్ట ఒకటి' అని రాశాను. ఉడికిన కాయలు తిని అందరూ వెళ్ళిపోయారు. స్తోత్రం అని అందరూ అన్నప్పుడు నేను పెదవులు కదిపాను.

ఇంటికి కొత్త కప్పు పడ్డాక, తర్వాత పోయింది మేక. మా ఊళ్ళో ఆడవాళ్ళు అన్నానికి బియ్యం పోసేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుడి పేర పక్కన పెట్టేవాళ్ళు. ఆదివారం ఆ బియ్యం తెచ్చి మందిరంలో కుండలో పోస్తే, ఊళ్ళో పస్తులున్న ఇంటికి పోయేది. 1961 మార్చి 6, సోమవారం, రూతమ్మగారి మేక, రెండు పిల్లల తల్లి, మందిరం తలుపు తోసుకుని వెళ్ళి రెండు వారాల పిడికిళ్ళు మొత్తం తిని, బయటికి వచ్చి తొట్టిలో కడుపునిండా నీళ్ళు తాగింది. మధ్యాహ్నానికి పొట్ట ఉబ్బి చచ్చిపోయింది. ఊరంతా వచ్చి చూసింది. దేవుడి బియ్యం తింటే ఊరుకుంటాడా అని నిర్ణయం అయిపోయింది. ఆ నిర్ణయం చేసింది సంఘ పెద్ద భార్య సంతోషమ్మగారు. ఆమె పేరుకూ ముఖానికీ ఎన్నడూ పొత్తు కుదరలేదు.

మరునాడు మంగళవారం, పొద్దున ఆరుకు ఐదు నిమిషాలు తక్కువ. కుండ తీసుకుని బావికి వెళుతుంటే సరుగుడు చెట్ల వెనక నుంచి ఏడుపు వినిపించింది. చిన్న ఏడుపు కాదు. నేను చెట్టు చాటున నిలబడ్డాను. రూతమ్మగారు ఇసకలో చతికిలబడి, ముక్కు చీదుకుంటూ, ఆకాశం వైపు చెయ్యి చూపించి తిడుతోంది.

"నువ్వు చేసింది ఏం బాగలేదు సామీ. అది ఎవురి బియ్యం తినింది? నీ బియ్యమే గదా. నీ ఇంట్లో నీ బియ్యం తినిన దాన్ని నువ్వే చంపుతావా? ఆ రెండు పిల్లలకు పాలు ఎవురిస్తారు, నువ్వు దిగొచ్చి ఇస్తావా?"

నాకు కలిగిన ఆనందం దాచుకోను. తొమ్మిది నెలలు కాచుకున్నది దొరికింది. చెట్టు చాటునుంచి బయటికి వచ్చి, ఏడుస్తున్నారే అన్నాను, పరీక్షలో కాపీ కొట్టే పిల్లను పట్టుకున్నట్టు. ఆమె కంగారు పడలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మంగళవారం గదమ్మా."

"మంగళవారమైతే?"

"స్తోత్రం గురువారం. మంగళ, బుధ ఏడుపుకు పెట్టుకున్నా. ఏడవకుండా స్తోత్రం చెబితే అది అబద్ధం గదా. ఆయనకు లెక్కలు రావనుకుంటివా?"

నేను ఊరుకోలేదు. మరి కప్పు పోయినప్పుడు ఎనిమిది రోజులు ఎందుకు పట్టింది అని అడిగాను. ఆమె ఇసకలో వేలితో ఏదో గీసింది. "ఆ కప్పు మా ఆయన కట్టింది. రెండు రోజులు చాల్లేదు. అందుకే ఆ గురువారం వదిలేసినా." తలెత్తి నా ముఖం చూసింది. "నీ ఏడుపు నేనెప్పుడూ వినలేదే. ఎప్పుడు ఏడస్తావు నువ్వు?"

నేను ఏడవను అన్నాను.

"అట్నా. అందుకే నీకు గురువారం రాలా" అని, నా చేతిలో కుండ తీసుకుని నీళ్ళు తోడడానికి పోయింది.

గురువారం నాకు వచ్చింది, అమ్మను తీసుకుపోవడానికే వచ్చింది అని అరవాలనిపించింది. అరవలేదు. ఇంటికి వెళ్ళి బదిలీకి దరఖాస్తు రాశాను. అది మొదటిది. నాటకమని పట్టుకున్నాననుకున్నది నాటకం కాదని తేలింది. అంత కన్నా ఘోరం, నా లెక్కలో మూడో జవాబు ఉందని తేలింది. ఆ జవాబు నాకు నచ్చలేదు.

మార్చి 9న మేక కూటానికి ఇరవై ఆరుమంది వచ్చారు. రూతమ్మగారు రెండు వారాల బియ్యం తన కుండలోంచి తెచ్చి మందిరం కుండలో పోసి, దేవుడింట్లో కడుపునిండా తిని పోయింది, మనలో ఎవురికి ఉండాది ఆ భాగ్యం అంది. పోలయ్య ఒక్కడే గట్టిగా నవ్వాడు. మేకపిల్లలు రెండూ అప్పటికే అతని ఇంట్లో అతని మేక దగ్గర పాలు తాగుతున్నాయి. కుడి పక్క రాశాను.

ఆ ఏడు క్రిస్మసుకు మందిరం మీద వెదురుబద్దల నక్షత్రం కట్టే పని ఎప్పటిలాగే రూతమ్మగారు మీద వేసుకుంది. డిసెంబరు 23, శనివారం, నిచ్చెన ఎక్కింది. నిచ్చెన పట్టుకున్నది పోలయ్య. నక్షత్రం వంకరగా ఉందా అని పైనుంచి అడిగింది. బాధ్యత గల మనిషి గనుక, బాగా చూసి చెప్పాలని పోలయ్య నిచ్చెన వదిలి పది అడుగులు వెనక్కి నడిచాడు. నక్షత్రం వంకరగా లేదు. రూతమ్మగారి పై పళ్ళు రెండు పోయాయి. పోలయ్య సాయంత్రం దాకా ఇసక జల్లించి ఒక పన్ను దొరకబుచ్చుకుని, కడిగి, ఆకులో పెట్టి తెచ్చి ఇచ్చాడు. రెండోది ఇప్పటికీ అక్కడే ఉంది. ఈసారి ఏడుపు మధ్యలో పండుగ వచ్చిందే అని నేను అడిగితే, పండుగ రోజు సెలవు, మిగతా రోజులు పని ఉండాది అంది. అప్పటినుంచి ఆమె 'స్తోత్రం' అంటే ముందు ఒక ఈల వచ్చేది, తర్వాత మాట వచ్చేది.

పళ్ళ కూటానికి వచ్చింది తొమ్మిదిమంది, అందులో ఐదుగురు పాలెం వాళ్ళు. మనవాళ్ళు తగ్గడానికి కారణం సంతోషమ్మగారు కనిపెట్టిన సిద్ధాంతం. బావి దగ్గర ఆమె అందరికీ చెప్పింది, రూతమ్మ ముఖం మీదే చెప్పింది కూడా. "వడ్డించింది బాగుండాదంటే మళ్ళీ వడ్డించరా? నువ్వు బాగుండాది బాగుండాది అంటుండావు, ఆయన పంపుతానే ఉండాడు. నీకు వడ్డించేటప్పుడు పక్క విస్తట్లో పడితే మా గతేంది?" దీనికి జవాబు చెప్పడం ఎంత కష్టమో అయ్యగారికి తెలిసింది. అది మూఢనమ్మకమని మూడు ఆదివారాలు ప్రసంగించారు. జనం విని, తల ఊపి, రూతమ్మగారి గుమ్మం తప్పించి చుట్టూ తిరిగి నడవడం మొదలుపెట్టారు. చివరికి ఆయన వచ్చి, సంఘంలో అలజడి వద్దు, ఇకముందు పోయినవాటికి కూటం పెట్టవద్దు, పెడితే నేను రాను అన్నారు. అట్నే అయ్యగారూ, మీరు రావద్దు, శెనక్కాయలు పంపిస్తా అంది రూతమ్మగారు, ఈలతో సహా.

1962 జూన్‌లో ఆమె గొంతు బొంగురుపోయింది. జలుబు అనుకుంది. జూలైలో అన్నం మింగడం కష్టమైంది. నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే గొంతులో కంతి అన్నారు. ముప్పై మూడు రోజులు ఆమె అక్కడ ఉంది. ఆ ముప్పై మూడు రోజులు ఆ ఇంట్లో పాట లేదు. నిశ్శబ్దం కావాలని రెండేళ్ళు కోరుకున్న నేను, పొద్దున లేచి ఏమీ వినబడక, బడికి గంట ముందే వెళ్ళి కూర్చునేదాన్ని. అప్పటికి రెండో బదిలీ దరఖాస్తు కూడా పెట్టి ఉన్నాను. ఒకరోజు పోలయ్య బడి గుమ్మంలోకి వచ్చి, రూతక్క ఎప్పుడొస్తాదని అడిగాడు. మంచు పట్టిన పొద్దుల్లో ఒడ్డు కనబడకపోతే వాళ్ళు రూతమ్మగారి పాట విని పడవ తిప్పుకునేవాళ్ళట. "దేవుడి సంగతి నాకు తెలవదు టీచరమ్మా. ఆమె పాడితే ఒడ్డు యాడుండాదో తెలస్తాది."

ఆగస్టు 18, శనివారం, ఆమె బస్సు దిగింది. డాక్టర్లు ప్రాణం కాపాడారు. గొంతు మాత్రం ఇక రాదని ముందే చెప్పారు, రాలేదు. గుసగుస ఒక్కటి మిగిలింది. దగ్గరగా చెవి పెడితే వినిపించేది. పన్నెండు రోజులు ఆమె సరుగుడు చెట్ల వెనక్కి వెళ్ళి వచ్చింది. నేను ఒకరోజు వెంట వెళ్ళాను, ఈసారి పట్టుకోవడానికి కాదు. ఆమె చెయ్యి పైకెత్తి, ముఖం ఎర్రబడేదాకా తిడుతోంది, కాని ఆకు కదిలినంత శబ్దం కూడా రావడం లేదు. నన్ను చూసి, దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో అంది. "గట్టిగా తిట్టలేకపోతుండా. ఆయనకు ఇనపడతాదో లేదో."

వినబడుతుందని నేనన్నాను. ఎందుకన్నానో తెలియదు. నాలుగేళ్ళ తర్వాత దేవుడి గురించి నా నోటినుంచి వచ్చిన మొదటి మాట అదే.

ఆగస్టు 30, గురువారం, నాలుగు గంటలకు కూటం. నాలుగు గంటలకు ఎవరూ లేరు. నాలుగూ పదికి పోలయ్య, అతని భార్య, వాళ్ళ కోడలు వచ్చారు. నాలుగూ ఇరవైకి, ఎప్పుడో అయ్యగారు గొడుగు పట్టిన ముసలామె వచ్చింది. రూతమ్మగారితో, నాతో కలిపి ఆరుగురం. కాయలు మాత్రం నలభైమందికి సరిపడా ఉడికాయి. ఆమె నోటుపుస్తకం నా చేతికి ఇచ్చి, నన్ను నిలబెట్టింది. ఇన్నాళ్ళూ రాసింది నేను, చదివింది ఆమె. ఇక చదవాల్సింది నేనే.

ఎడమ పక్క చదివాను. కప్పు, ఒకటి. మేక, ఒకటి. పళ్ళు, రెండు, అందులో ఒకటి దొరికింది. గొంతు, ఒకటి. అక్కడితో ఆపి కుడి పక్కకు తిరగబోతే ఆమె లేచి వచ్చి పేజీ కింద ఖాళీ మీద వేలు పెట్టింది. నా చెవిలో, "నీది" అంది.

నాది ఏమీ లేదనబోయాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "అమ్మ. 1958 జూన్ 12, గురువారం, ఐదుంబావు" అన్నాను. తర్వాత ఏం జరిగిందో నాకు క్రమంగా గుర్తు లేదు. నా జీవితంలో గంట రాసుకోని సంగతి అది ఒక్కటే. నేల మీద కూర్చుని ఉన్నాను, నోటుపుస్తకం తడిసిపోయింది, నేను చేస్తున్న శబ్దం నాకే కొత్తగా ఉంది. పోలయ్య భార్య నా వీపు నిమురుతోంది. కూటం నడపాలో ఆపాలో ఎవరికీ తెలియలేదు. రూతమ్మగారు చెయ్యెత్తి అందరినీ దగ్గరికి పిలిచి గుసగుసగా ప్రకటించింది.

"ఈ పిల్లకు ఇయ్యాల మంగళవారం. కూటం వచ్చేవారం."

పోలయ్య కాస్త తటపటాయించి, మరి శెనక్కాయలో అన్నాడు. కాయలకు వారంతో పని లేదని ఆమె సైగ చేసింది. ఏడుస్తూనే నేను కూడా తిన్నాను. ఉప్పు సరిపోయింది.

బయటికి వచ్చేసరికి చూరు కింద సైకిలు పట్టుకుని అయ్యగారు నిలబడి ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను రాలేదమ్మా, చైను పడిపోతే ఆగాను అన్నారు. చైను పళ్ళచక్రం మీదే ఉంది. ఆయన అడిగితే రూతమ్మగారి మంగళ, బుధవారాల సంగతి చెప్పాను. ఆరుగురిని కొట్టేసి ఏడుగురని రాసుకున్నాను.

ఆయన ఆదివారం ప్రసంగంలో ఏం చెప్పాలనుకుని వచ్చారో తెలియదు. మధ్యలో ఆపి, మన రూతమ్మగారు గురువారానికి ముందు రెండు రోజులు ఏం చేస్తారో మీకెవరికన్నా తెలుసా అని అడిగారు. తెలియదు. ఆయనే చెప్పారు. ఆమె దుఃఖం లేని మనిషి అనుకుని అందరూ ఆమెకు భయపడ్డారు. ఆమె కూడా ఇసకలో కూర్చుని ముక్కు చీదుతుందని తెలిశాక ఆ భయం పోయింది. సెప్టెంబరు 6, గురువారం, యాభై ఎనిమిదిమంది వచ్చారు. కాయలు చాలక సంతోషమ్మగారే రెండో కుండ పొయ్యి మీద పెట్టింది. పెట్టి, పొయ్యి దగ్గరే కూర్చుని, ఐదేళ్ళ కిందట పోయిన తన పాలు తాగే బిడ్డ పేరు చెప్పి, ఎడమ పక్క రాయమంది. రాశాను. ఆమెది కుడి పక్క నిండడానికి ఇంకా కొన్ని గురువారాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఆ రోజు నేను నిలబడి అమ్మవి మిగిలినవి చదివాను. ఆమె పిండి రుబ్బుతూ నాకు నేర్పిన ఎక్కాలు, ఇరవై దాకా. వంటింటి గోడ మీద బొగ్గుతో తేదీలు రాసుకునే అలవాటు, అది నాకు వచ్చింది. ఆమె చేతి గాజుల్లో పగలనివి మూడు. ఆ తర్వాత స్తోత్రం అన్నాను. శబ్దం వచ్చింది. నా పక్కనుంచి రూతమ్మగారు కూడా అంది. మాట ఎవరికీ వినబడలేదు, ఈల ఒక్కటి వినబడింది.

నేను రెండుసార్లు అడిగిన బదిలీ, అడగడం మానేసిన తర్వాత, 1963 మేలో వచ్చింది. బస్సు దగ్గర ఆమె ఆ నోటుపుస్తకం నా సంచిలో పెట్టింది. బోగోలు దాటాక తెరిచి చూశాను. ఎడమ పక్క చివర, ఒకటో తరగతి పిల్లలకు నేర్పే గుండ్రటి అక్షరాలతో ఆమె రాసింది. 'టీచరమ్మ, ఒకటి.' కుడి పక్క ఖాళీగా ఉంది. ఆ రోజు శనివారం, ఆమెకింకా తీరి ఉండదు.

ఆమె పోయినట్టు అయ్యగారు రాసిన జాబు నాకు 1968 ఫిబ్రవరి 13న చేరింది. మంగళవారం. ఆ వారం గురువారం వదిలేసి, తర్వాతి గురువారం, 22న, మా బడి టీచర్లను పిలిచి కాయలు ఉడకబెట్టాను. దేనికని వాళ్ళు అడిగితే కుడి పక్క చదివాను. మూడు పేజీలు వచ్చింది. ఆ పద్ధతి అప్పటినుంచి మానలేదు. నాది గొప్ప విశ్వాసమని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. నాకు తెలిసింది వారాల క్రమం ఒక్కటే. ఆ క్రమంలో నడిస్తే, ఎంత ఆలస్యమైనా, నా గొంతులో శబ్దం వచ్చింది.

కాయలు కడిగి ఆరబోశాను. మా మేనకోడలు ఇందాక వచ్చి, అత్తా ఏడుస్తున్నావా, డాక్టరు మాటకు దిగులు పడవద్దు అంది. ఏడుస్తున్నాననే చెప్పాను. నోటుపుస్తకం తెరిచి ఎడమ పక్క సరిచూసుకున్నాను. ఇప్పటిదాకా నేను చెప్పిన వాటిలో పోయినవి ఇవి.

ఇంటి కప్పు, ఒకటి.
మేక, ఒకటి.
పళ్ళు, రెండు. అందులో ఒకటి దొరికింది.
గొంతు, ఒకటి.
అమ్మ.
సంతోషమ్మగారి బిడ్డ.
టీచరమ్మ, ఒకటి.
రూతమ్మగారు.
నా ఎడమ కంటి చూపు.

ఈ రోజు మంగళవారం.